బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాయా? ఉమ్మనీటి పరీక్ష చెప్పేదెంత, చెప్పనిదెంత

మా పెద్దమ్మ కూతురికి, అంటే వరసకు మా చెల్లెలికి, ఇది రెండో కాన్పు. మొదటిది సిజేరియన్ కాబట్టి రెండోదీ సిజేరియనేనని ఇంట్లో ముందే అనుకున్నారు. విశాఖ మద్దిలపాలెంలో ఒక నర్సింగ్ హోమ్‌లో చూపించుకుంటోంది. నవంబరు మొదటి వారంలో వాళ్ల అత్తగారు సింహాచలం వెళ్లొస్తూ పంతులుగారితో ముహూర్తం రాయించుకొచ్చారు: నవంబరు 26, ఉదయం తొమ్మిది దాటాక. పసుపు బొట్లు పెట్టిన ఆ కాగితాన్ని డాక్టరు బల్ల మీద పెట్టి ఆవిడ అడిగిందిది:

"డాక్టరమ్మగారూ, అప్పటికి పిల్ల ఊపిరితిత్తులు తయారయిపోతాయా నేదా? దానికేదో టెస్టుందట కదండీ. అది సేయించేస్తే సరిపోద్ది కదా?"

డాక్టరమ్మ ఆ కాగితాన్ని చూశారు గానీ దాని గురించి ఏమీ అనలేదు. "మొదటి స్కానింగు రిపోర్టు తెచ్చారా?" అని అడిగారు. అత్తగారికి చిరాకేసింది. తను అడిగింది ఊపిరితిత్తుల గురించి, ఈవిడేమో ఎప్పుడో ఏప్రిల్లో తీయించిన స్కానింగు అడుగుతోంది.

నిజానికి ఆ రెంటికీ సంబంధముంది. అసలు జవాబు చాలావరకు ఆ పాత రిపోర్టులోనే ఉంటుంది. అదెలాగో తెలియాలంటే ముందు ఊపిరితిత్తుల సంగతి చూడాలి.

గాలి పీల్చకుండానే పెరిగే ఊపిరితిత్తులు

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా అందుతుంది. ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. అది బయట నుంచి లోపలికి పోయిన ఉమ్మనీరు కాదు, ఊపిరితిత్తులే ఊరబెట్టే ద్రవం. బిడ్డ అప్పుడప్పుడూ ఊపిరి తీసినట్టు ఛాతీ కదిలిస్తుంది, అందులో కొంత నోటి గుండా బయటికొచ్చి ఉమ్మనీటిలో కలుస్తుంది. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, పరీక్షంతా దీని మీదే నిలబడింది.

చెట్టు కొమ్మలు వేసినట్టు ముందు గొట్టాలు ఏర్పడతాయి, ఆ గొట్టాల చివర సంచులు వస్తాయి. సుమారు 24 వారాల నుంచి ఆ సంచుల గోడల్లో ఒక రకం కణాలు సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. మొదట్లో అది చాలా తక్కువ. 34, 35 వారాలు దాటేసరికి చాలామంది బిడ్డల్లో సరిపడా ఉంటుంది. అసలైన గాలిగదులు మాత్రం కాన్పుకు కొద్దివారాల ముందు మొదలై, పుట్టాక కూడా ఏళ్ల తరబడి ఏర్పడుతూనే ఉంటాయి. అంటే ఊపిరితిత్తులు ఫలానా రోజున పూర్తయిపోయాయి అనడానికి అలాంటి రోజే లేదు. "తయారయ్యాయా" అని డాక్టర్లు అడిగేది, బయటి గాలిని తట్టుకునేంత సర్ఫాక్టెంట్ ఉందా అని మాత్రమే.

తడి పళ్లేలు చెప్పే పాఠం

కడిగిన స్టీలు పళ్లేలను ఒకదాని మీద ఒకటి బోర్లించి చూడండి. మధ్యలో కాస్త తడి ఉంటే చాలు, రెండూ అతుక్కుపోయి ఓ పట్టాన విడిపోవు. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కునే గుణమే దానికి కారణం. పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలిగదుల గోడలు కూడా తడిగానే ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ తడి గోడలు దగ్గరికొచ్చి అతుక్కుపోవాలని చూస్తాయి.

ఇక్కడ ఇంకో తిరకాసుంది. బుడగ ఎంత చిన్నదైతే దాన్ని విప్పి ఉంచడానికి లోపల అంత ఎక్కువ ఒత్తిడి కావాలి. సైజు సగమైతే ఒత్తిడి రెట్టింపు. చిన్న గదీ పెద్ద గదీ పక్కపక్కనే ఉంటే, చిన్నదాంట్లోని గాలి పెద్దదాంట్లోకి పోయి చిన్నది ముడుచుకుపోతుంది. సర్ఫాక్టెంట్ చేసే పని ఇక్కడే. కుంకుడురసం పడ్డ నీళ్లు మామూలు నీళ్లలా కాకుండా నురుగెత్తి నిలుస్తాయి కదా, అలా నీటి లాగుడును ఇది తగ్గిస్తుంది. గది ముడుచుకునే కొద్దీ ఈ పొర చిక్కబడి లాగుడును ఇంకా తగ్గిస్తుంది. ఊపిరి వదిలాక కూడా గది పూర్తిగా మూసుకుపోదు. తర్వాతి ఊపిరికి సగం పని అయిపోయినట్టే.

అది లేని బిడ్డకు ప్రతి ఊపిరీ మొదటి ఊపిరే. కొత్త బెలూన్‌కు మొదటిసారి ఊదేటప్పుడు బుగ్గలు నొప్పెట్టేంత కష్టం ఎలా ఉంటుందో, ఆ బిడ్డకు నిమిషానికి అరవై, డెబ్భైసార్లు అదే కష్టం. ముక్కుపుటాలు ఎగరడం, మూలగడం, డొక్కలెగరేయడం అన్నీ ఆ పోరాటానికి గుర్తులు. దీనికి వైద్యులు పెట్టిన పేరు రెస్పిరేటరీ డిస్ట్రెస్ సిండ్రోమ్, పొట్టిగా ఆర్డీఎస్.

దీనికి కారణం సర్ఫాక్టెంట్ లోపమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. కారణం తెలిసినా చేతిలో మందు లేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు, పేరు పాట్రిక్. బరువు రెండు కిలోల పైమాటే. ఇవాళ విశాఖలో ఏ మంచి ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ)లోనైనా ఆ బరువు బిడ్డను చూసి పెద్దగా కంగారుపడరు. పాట్రిక్ మాత్రం 39 గంటలే బతికాడు. ప్రపంచంలోకెల్లా బలమైన దేశాధినేత కొడుక్కే దిక్కులేదంటే, అప్పటి డాక్టర్లు "పుట్టకముందే తెలుసుకునే దారి ఉంటే బాగుండు" అని ఎందుకనుకున్నారో అర్థమవుతుంది.

ఉమ్మనీటిలో వెతికేదేమిటి

ఊపిరితిత్తుల ద్రవం ఉమ్మనీటిలో కలుస్తుందని చెప్పుకున్నాం. అయితే ఉమ్మనీటిని కాస్త తీసి చూస్తే సర్ఫాక్టెంట్ ఎంతుందో తెలుస్తుంది కదా. ఆలోచనంతా ఇదే. స్కానింగులో చూస్తూ తల్లి పొట్టలోంచి సన్నని సూది దింపి నీరు తీస్తారు. దీన్ని ఆమ్నియోసెంటెసిస్ అంటారు. ఆ నీటిని పరీక్షించే పద్ధతులు మాత్రం చాలా వచ్చాయి.

మొదట పేరుపడ్డది 1971లో లూయిస్ గ్లక్ బృందం తెచ్చిన ఎల్/ఎస్ నిష్పత్తి. సర్ఫాక్టెంట్‌లో ముఖ్యమైన కొవ్వు లెసిథిన్, అది నెలలు నిండే కొద్దీ పెరుగుతుంది. స్ఫింగోమైలిన్ అనే ఇంకో కొవ్వు పెద్దగా మారదు. మారని దాంతో మారేదాన్ని పోల్చి చూస్తే ఉమ్మనీరు ఎక్కువున్నా తక్కువున్నా లెక్క తప్పదు. నిష్పత్తి 2 దాటితే ఊపిరితిత్తులు పక్వానికొచ్చాయని అర్థం. తెలివైన పద్ధతే, కాకపోతే గంటల తరబడి పని, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. నీటిలో నెత్తురో, బిడ్డ మలమో కలిస్తే ఫలితం తారుమారవుతుంది. తల్లికి షుగరుంటే ఇంకో చిక్కు: బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై సర్ఫాక్టెంట్ తయారీ వెనకబడుతుంది, నిష్పత్తి 2 దాటినా బిడ్డకు ఆయాసం వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే సుమారు 35 వారాల తర్వాతే కనిపించే ఫాస్ఫాటిడిల్ గ్లిజరాల్ అనే మరో కొవ్వు కూడా ఉందేమోనని చూసేవారు.

నాకు బాగా నచ్చేది మరుసటి ఏడాది జాన్ క్లెమెంట్స్ తెచ్చిన షేక్ టెస్టు. యంత్రం అక్కర్లేదు. పరీక్ష నాళికలో ఒక మిల్లీలీటరు ఉమ్మనీరు, ఒక మిల్లీలీటరు 95 శాతం ఆల్కహాల్ పోసి మూత బిగించి 15 సెకన్లు గట్టిగా కుదిపి, స్టాండులో పెట్టి 15 నిమిషాలు ఆగాలి. పక్క నాళికలో సగం ఉమ్మనీరు, సగం సెలైన్ కలిపి అదే పని. ఆల్కహాల్ ఎందుకంటే, ఉమ్మనీటిలో ప్రొటీన్లు కూడా నురుగెత్తుతాయి, ఆ దొంగ నురుగును అది చంపేస్తుంది. సర్ఫాక్టెంట్ నురుగు మాత్రం నిలుస్తుంది. పల్చబరిచిన రెండో నాళికలో కూడా గాజు అంచు చుట్టూ బుడగలు తెగకుండా ఉంగరంలా నిలిస్తే పక్వానికి వచ్చినట్టు. ఉంగరం మధ్యలో తెగితే సందేహం. కుంకుడుకాయ రసం తీసిన చేతులకు ఇందులో ఒక్క ముక్క కూడా కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆఖర్న వచ్చిన వాటిలో ఎక్కువ వాడకంలో ఉన్నది లామెల్లర్ బాడీ కౌంట్. సర్ఫాక్టెంట్ ఊపిరితిత్తుల కణాల్లోంచి ఉల్లిపాయ పొరల్లాంటి చిన్న చిన్న ఉండలుగా బయటికొస్తుంది. ఆ ఉండల సైజు అదృష్టవశాత్తూ నెత్తుట్లో ప్లేట్‌లెట్ల సైజుకు దగ్గర. కాబట్టి డెంగ్యూ రోజుల్లో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే సీబీపీ యంత్రంలోనే ఉమ్మనీరు పెడితే వాటినీ లెక్కపెట్టేస్తుంది. మైక్రోలీటరుకు 50,000 దాటితే పక్వం, 15,000 లోపుంటే అపక్వం, మధ్యలో ఉంటే తేల్చి చెప్పలేం అని సాధారణంగా పెట్టుకున్న గీతలు. పావుగంటలో తేలిపోతుంది.

ఇంత సులువైనది చేతికొచ్చాక ఊరూరా వాడాలి కదా. జరిగింది వేరు. ఈ పరీక్షల వాడకమే తగ్గిపోయింది.

రిపోర్టును నమ్మడంలో ఉన్న మెలిక

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను వేసుకున్నవి, లెక్క తీరు చూపడానికి మాత్రమే. 36 వారాల దగ్గర ఉన్న వందమంది గర్భిణులను తీసుకుందాం. వాళ్లలో ఐదుగురి బిడ్డలకు ఇప్పుడు కాన్పయితే నిజంగానే ఊపిరి ఇబ్బంది వస్తుందనుకుందాం. పరీక్ష ఆ ఐదుగురినీ పట్టేస్తుంది. కానీ మంచి ఊపిరితిత్తులున్న మరో 15 మందిని కూడా "ఇంకా కాలేదు" అంటుంది.

ఇప్పుడు "కాలేదు" అన్న రిపోర్టులు 20. వాటిలో నిజం ఐదే. అంటే నలుగురిలో ముగ్గురికి ఉత్తుత్తి భయం. "అయింది" అన్న రిపోర్టులు 80, అన్నీ నిజమే. ఈ పరీక్షల స్వభావం దాదాపు ఇలాగే ఉంటుంది: "అయింది" అంటే చాలావరకు నమ్మొచ్చు, "కాలేదు" అంటే అంత ఖాయం కాదు.

ఇంకో వైపు నుంచి చూడండి. సూది వేయకముందే ఆ వందలో 95 మంది బిడ్డలకు ఏ ఇబ్బందీ రాదని మనకు తెలుసు. పరీక్ష ఆ 95 శాతం నమ్మకాన్ని కొంతమందికి వంద చేసింది, ఇరవై మందిని అయోమయంలో పడేసింది. దానికోసం వందమంది పొట్టల్లో సూది దిగింది. నెలలు నిండే సమయంలో సూది వల్ల ఉమ్మనీరు కారిపోవడం, నెత్తురు కలవడం, నొప్పులు మొదలవడం అరుదే గానీ అసలు లేకపోలేదు.

అదే 31 వారాల దగ్గర వేస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ చాలామంది బిడ్డలకు నిజంగానే ఇబ్బంది ఉంటుంది, "కాలేదు" అన్న మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. కానీ అంత ముందుగా కాన్పు చేయాల్సి వచ్చిందంటే తల్లికి బీపీ పెరిగిపోవడమో, నెత్తురు పోవడమో ఏదో ఆగలేని కారణం ఉంటుంది. రిపోర్టు ఏమొచ్చినా కాన్పు ఆగదు. ఆగని చోట పరీక్ష చేసి లాభమేమిటి? ఆగగలిగిన చోట చేసేకంటే ఆగితే సరిపోతుంది కదా? వైద్యుల్లో ఈ పరీక్ష మీద ఆసక్తి సన్నగిల్లడానికి సగం కారణం ఈ రెండు ప్రశ్నలే.

ఊపిరితిత్తులు పండినా బిడ్డ పండకపోవచ్చు

మిగతా సగం కారణం ఇంకా ముఖ్యమైనది, మా పెద్దమ్మగారి వియ్యపురాలి ప్రశ్నకు సూటిగా తగిలేది.

2009లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అచ్చం మా చెల్లెలిలాంటి వాళ్ల మీద: ముందు సిజేరియన్ అయి, ఈసారి ఏ ప్రమాదమూ లేకుండా తేదీ అనుకుని సిజేరియన్ చేయించుకున్నవాళ్లు. 37వ వారంలో చేయించుకున్నవాళ్ల బిడ్డల్లో 15.3 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది: ఆయాసం, షుగర్ పడిపోవడం, ఇన్‌ఫెక్షన్, ఎన్ఐసీయూలో చేర్చడం వంటివి. 38వ వారంలో 11 శాతం. 39వ వారంలో 8 శాతం. వారం ఆగితే చాలు, అంకె అంత పడింది. 37 వారాలంటే మన లెక్కలో "నెలలు నిండాయి" అనేసే సమయం అని మర్చిపోవద్దు.

మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం ఇంకో మెట్టు ముందుకెళ్లింది. 36 నుంచి 38 వారాల మధ్య ఉమ్మనీరు పరీక్ష చేసి "ఊపిరితిత్తులు అయ్యాయి" అని రుజువయ్యాకే కాన్పు చేసిన బిడ్డలను, 39, 40 వారాల్లో పుట్టిన బిడ్డలతో పోల్చారు. పరీక్ష పాసైన బిడ్డలకే ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి.

కారణాలు వెతికితే దొరుకుతాయి. పరీక్ష కొలిచేది సర్ఫాక్టెంట్‌ను. పుట్టిన బిడ్డకు ఆయాసం రావడానికి ఇంకో దారి ఉంది: ఊపిరితిత్తుల్లో నీరు మిగిలిపోవడం. కాన్పు నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఒంట్లో అడ్రినలిన్‌లాంటి హార్మోన్లు పెరిగి, నీరూరబెట్టే ఊపిరితిత్తులు ఒక్కసారిగా నీరు పీల్చుకునేలా మారతాయి. నొప్పులు రాకముందే, ముహూర్తానికి కోసి తీస్తే ఆ మలుపు సరిగ్గా జరగకపోవచ్చు. సర్ఫాక్టెంట్ నిండుగా ఉన్నా బిడ్డ రొప్పుతుంది. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గానీ, ఆ రెండు రోజులూ బాక్సులో పెట్టిన బిడ్డను అద్దంలోంచి చూసే తల్లికి అది చిన్న విషయమేమీ కాదు. ఇక పాలు చప్పరించి మింగడం, ఒంటి వేడి నిలుపుకోవడం, షుగర్ పడకుండా కాచుకోవడం, కామెర్లను తట్టుకోవడం వేరే అవయవాల పనులు. 35 వారాల దగ్గర మెదడు బరువు నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండొంతులే. వీటిలో ఒక్కదాన్నీ ఉమ్మనీరు చెప్పదు.

అందుకే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఏసీఓజీ, ఊపిరితిత్తులు పక్వానికొచ్చాయన్న రిపోర్టు ఒక్కటీ 39 వారాలలోపు కాన్పుకు కారణం కాకూడదని చెప్పింది. తిరగేసి చూస్తే, అవసరం ఉన్న కాన్పును రిపోర్టు కోసం వాయిదా వేయకూడదని కూడా అంది.

నెలల లెక్క, వారాల లెక్క

మన ఇళ్లలో లెక్క నెలల్లో ఉంటుంది. "ఎనిమిదో నెల పడింది" అంటారు. ఏడు నెలలు నిండి ఎనిమిదోది నడుస్తోందని దాని అర్థం. వారాల్లో చూస్తే దాదాపు 30 నుంచి దాదాపు 35 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. ఊపిరితిత్తుల విషయంలో ఆ రెండు చివర్లకూ హస్తిమశకాంతరం. ఇంకా దగ్గరి వారాలు తీసుకున్నా అంతే. 2010లో అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో 34వ వారంలో పుట్టిన బిడ్డల్లో 10.5 శాతానికి ఆర్డీఎస్ వస్తే, 38వ వారంలో 0.3 శాతానికే వచ్చింది.

ఇక్కడే పాత మాట ఒకటి గుర్తొస్తుంది: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు. మా అమ్మమ్మ కూడా గట్టిగా నమ్మేది. ఏ లెక్క చూసినా అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే, మధ్యలో ఒక నెల వెనక్కి నడవదు. ఆ మాట విని ఎనిమిదో నెలలో వచ్చిన నొప్పులను చూసి ఆశ వదులుకోవడం మాత్రం చాలా ప్రమాదం.

సరే, వారాల లెక్క ఎక్కడి నుంచి? ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు. మా చెల్లెలు ఆసుపత్రి కార్డులో రాయించిన తేదీ మార్చి 10. దాని ప్రకారం 40 వారాలు డిసెంబరు 15కు నిండుతాయి. ముహూర్తం పెట్టిన నవంబరు 26కు 37 వారాల 2 రోజులు. "తొమ్మిదో నెల దాదాపు అయిపోయినట్టే కదా" అని అత్తగారి ధీమా.

డాక్టరమ్మ అడిగిన ఏప్రిల్ నెలాఖరు స్కానింగులో బిడ్డ పొడవు ప్రకారం వయసు, నెలసరి లెక్క కంటే పది రోజులు తక్కువ చూపించింది. నెలసరి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లలో ఇది మామూలే, అండం విడుదలే ఆలస్యంగా అవుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి అప్పటి కొలత అటూ ఇటూ ఐదారు రోజుల్లో నిజం చెబుతుంది. ఆఖరి నెలల్లో ఒక్కో బిడ్డది ఒక్కో ఒళ్లు, ఆ కొలతలో తేడా మూడు వారాల దాకా రావచ్చు. అందుకే పది రోజుల తేడా వచ్చినప్పుడు తొలి స్కానింగునే పట్టుకుంటారు. కాన్పు తేదీ డిసెంబరు 25కు మారింది. మరి నవంబరు 26కు? 35 వారాల 6 రోజులు. ముహూర్తం కాగితం మారలేదు, బిడ్డ మాత్రం నెలలు నిండని బిడ్డ అయిపోయింది.

నా ఉద్దేశంలో ఊపిరితిత్తుల పక్వతకు మనకున్న అన్నిటికంటే మంచి పరీక్ష ఈ తొలి స్కానింగే. సూది లేదు, నొప్పి లేదు, ఆర్నెల్ల ముందే చేతిలో ఉంటుంది. చాలా ఇళ్లలో మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న పట్టింపుతో అదే తప్పిపోతుంది.

ఎదురుచూసే బదులు ఇంజెక్షన్

"లంగ్స్ ఇంజెక్షన్ ఇచ్చారు" అన్న మాట మన ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపిస్తుంది. దాని మూలం న్యూజిలాండ్‌లో ఉంది. లిగ్గిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద పనిచేస్తూ, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు నెలలు నిండకపోయినా అనుకున్నదానికంటే బాగా ఊపిరి తీయడం గమనించాడు. 1972లో తోటి వైద్యుడు హౌవీతో కలిసి గర్భిణులకు ఇచ్చి ఫలితం చూపించాడు. బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ తయారీని తొందరపెట్టే మందు ఇది.

పరీక్ష ప్రాముఖ్యం తగ్గడానికి ఇదో పెద్ద కారణం. నెలలు తక్కువని తెలిసి కాన్పు తప్పదనుకుంటే, ఊపిరితిత్తులు ఎంతవరకు వచ్చాయో కొలిచే బదులు ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం మొదలుపెట్టాక, సర్ఫాక్టెంట్‌నే మందుగా బిడ్డ ఊపిరిగొట్టంలోకి పంపే వైద్యం కూడా వచ్చింది. ఆవుల, పందుల ఊపిరితిత్తుల నుంచి తీసేదే ఎక్కువ వాడతారు. ఖరీదు మాత్రం మోయలేనంత.

మన దేశంలో 2014 ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు నొప్పులొస్తే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు ఇంజెక్షన్లు. పై ఆసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం కూడా మొదటిది ఇవ్వొచ్చు. విశాఖ మ్యాపు చూస్తే దీని విలువ తెలుస్తుంది. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖలోని పెద్దాసుపత్రులు కేజీహెచ్‌కో ఘోషాసుపత్రికో చేరాలంటే వంద కిలోమీటర్ల పైమాట. కొండ మీది ఊరి నుంచి పాడేరు చేరడమే ముందో ప్రయాణం. మందు పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో సగం 108లోనే గడిచిపోతే, మొదటి ఇంజెక్షన్ కొండ మీదే పడటం వల్ల బిడ్డకు ఒరిగేది చాలా ఉంటుంది.

దీని మీద వాదోపవాదాలూ ఉన్నాయి, రెండు వైపులా బలముంది. 2015లో మన దేశంతో సహా ఆరు దేశాల్లో, ఊళ్ల స్థాయిలో ఈ ఇంజెక్షన్ల వాడకం పెంచి చూసిన అధ్యయనంలో మొత్తం మీద శిశుమరణాలు తగ్గకపోగా కాస్త పెరిగాయి, తల్లులకు ఇన్‌ఫెక్షన్లూ పెరిగాయి. వారాలు సరిగ్గా తెలియక నెలలు నిండినవాళ్లకు కూడా మందు పడటం ఒక కారణమై ఉండొచ్చని అనుమానించారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో ఆసుపత్రుల్లోనే, వారాలు స్కానింగుతో తేల్చుకుని ఇచ్చి చూసింది. మందు అందని బిడ్డల్లో 23.5 శాతం చనిపోతే, అందినవాళ్లలో 19.6 శాతం. మందు అదే, వారాల లెక్క ఖాయంగా తెలిసిన చోట మేలు చేసింది.

34 నుంచి 37 వారాల మధ్య ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా నలుగుతున్న వాదన. 2016లో అమెరికా అధ్యయనంలో ఊపిరి సమస్యలు 14.4 నుంచి 11.6 శాతానికి తగ్గాయి. కానీ పుట్టిన బిడ్డల్లో షుగర్ పడిపోవడం 15 నుంచి 24 శాతానికి ఎక్కింది. ఆయాసం తగ్గిందని ఒకరు, గంట గంటకూ షుగర్ చూసే నర్సులు లేని చోట ఆ లాభం నష్టమవుతుందని ఇంకొకరు. రెండో మాట మన జిల్లా ఆసుపత్రులను తలచుకుంటే కొట్టిపారేయలేం.

పొట్ట మీద నుంచే చూసి చెప్పలేరా

మాయ ముదిరిందా, తొడ ఎముక దగ్గర గట్టిపడ్డ చుక్క కనిపిస్తోందా అని స్కానింగులో చూసి అంచనా వేసిన రోజులున్నాయి. ఊపిరితిత్తుల నీడల నేతను కంప్యూటరుతో చదివించే ప్రయత్నాలూ జరుగుతున్నాయి, ఆశ పుట్టించే ఫలితాలే వచ్చాయి. రోజువారీ వైద్యంలోకి మాత్రం ఏదీ ఇంకా గట్టిగా దిగలేదు. స్కానింగు రిపోర్టులో "మాయ గ్రేడ్ 3" అని ఉంటే బిడ్డ తయారని కొందరు ధైర్యం చెబుతారు. ఆ ఒక్క ముక్క మీద తేదీ పెట్టకండి.

ఉమ్మనీరు పరీక్షను పూర్తిగా పక్కనపెట్టొద్దనే వైద్యులు కూడా కొందరున్నారు. ఆరో నెలలో మొదటిసారి ఆసుపత్రికొచ్చి, నెలసరి తేదీ గుర్తులేక, తొలి స్కానింగు లేక, ముందు కోత గర్భాశయం పైభాగంలో పడ్డ తల్లి ఉందనుకోండి. ఆలస్యమైతే కోత విచ్చుకునే ప్రమాదం, తొందరపడితే బిడ్డకు ప్రమాదం. అలాంటి చోట ఉమ్మనీరు ఒక సాక్ష్యం కదా అని వాళ్ల వాదన. అక్కడ కూడా ఉన్నవాటిలో మంచి అంచనాతో వారాలు లెక్కేసుకుని నడవాలే తప్ప, నురుగును బట్టి కాదని ఏసీఓజీ జవాబు. సీబీపీ యంత్రమున్న ప్రతి ల్యాబులోనూ సాధ్యమయ్యే పరీక్షను ధనిక దేశాల లెక్కతో ఎందుకు వదులుకోవాలన్న మొదటివాళ్ల ప్రశ్నకు నా దగ్గర కూడా సులువైన జవాబు లేదు. ఒక్క సంగతి: పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టం పరిధిలోకి ఆమ్నియోసెంటెసిస్ కూడా వస్తుంది. కాబట్టి నమోదైన చోట, తల్లి సంతకంతో, కాగితాల మీద లెక్కతోనే జరగాలి.

మా చెల్లెలికి సూది పడలేదు. డాక్టరమ్మ తల్లీబిడ్డల కార్డు మీద పాత తేదీ కొట్టేసి 25-12 అని రాసి, దాని కింద "18 తర్వాత ఎప్పుడైనా" అని రాసి అత్తగారికిచ్చారు. ముహూర్తాన్ని ఆవిడ కాదనలేదు, ఆ తర్వాత ఏదైనా చూసుకోమన్నారు, నొప్పులు ముందొస్తే ఆ నిమిషానే రమ్మన్నారు. బస్సులో తిరిగొస్తూ అత్తగారు పంతులుగారికి ఫోన్ చేసి, ధనుర్మాసం వచ్చేస్తుంది కదా పర్వాలేదా అని అడిగింది. పెళ్లికి ధనుర్మాసం అడ్డు గానీ పుట్టుకకు అడ్డేముందమ్మా అన్నారట ఆయన.